బేకింగ్ నేర్చుకోవాలంటే ఏది మంచిది: ఆన్‌లైనా, వీకెండ్ వర్క్‌షాపా, డిప్లొమానా?

"బ్రెడ్డూ పేస్ట్రీలూ పద్ధతిగా నేర్చుకోవాలనుంది, ఏ కోర్సులో చేరమంటారు?" అని ఎవరైనా అడిగితే నేను ముందు ఒక ఎదురు ప్రశ్న వేస్తాను. ఆ కోర్సులో ఒకే పిండిని మీ చేత ఎన్నిసార్లు చేయిస్తారు? చాలామంది దగ్గర దీనికి జవాబు ఉండదు, ఎందుకంటే బ్రోషర్‌లో ఆ సంగతి రాయరు. అందులో ఉండేది ఎన్ని ఐటమ్స్ నేర్పుతారో, చివర్లో ఏ సర్టిఫికెట్ ఇస్తారో. రెండు రోజుల్లో 20 రకాలు అని చదవగానే కట్టిన డబ్బుకు గిట్టుబాటు అనిపిస్తుంది, మొదట్లో నాకూ అలాగే అనిపించింది. కానీ ఇది చేతికి అలవాటు కావాల్సిన పని. ఒకే బ్రెడ్‌ని పదిసార్లు చేసి, ప్రతిసారీ తేడా ఎక్కడ వచ్చిందో తెలిసినవాళ్లు పక్కన నిలబడి చూపిస్తే వస్తుంది. 20 రకాలు ఒక్కోసారి చేసి వచ్చేస్తే ఇంటికి వచ్చాక 20 రెసిపీ కాగితాలు మిగులుతాయి, చెయ్యి మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది.

నేను ముందు రికార్డెడ్ వీడియోల కోర్సు చేశాను, తర్వాత కొన్ని వీకెండ్ వర్క్‌షాపులు, ఆ తర్వాత వారానికో క్లాసు చొప్పున సాయంత్రం కోర్సు, చివరికి మూడు నెలల ఫుల్‌టైమ్ కోర్సు. ఈ వరుసలో కాకుండా ఇంకోలా వెళ్లుంటే సగం ఖర్చుతో పని అయిపోయేది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు తేల్చుకోవాల్సింది: బ్రెడ్డా, పేస్ట్రీనా?

రెండు పేర్లూ ఎప్పుడూ కలిసే వినిపిస్తాయి గానీ ఇవి రెండు వేరు వేరు పనులు. మామూలుగా పేస్ట్రీ అంటే మనకు గుర్తొచ్చేది క్రీమ్ కేకు ముక్క, కోర్సుల్లో మాత్రం ఆ మాట కింద చాలా వస్తాయి: టార్ట్‌లు, పఫ్, లోపల క్రీమ్ నింపే ఎక్లెయిర్లకు వాడే షూ పేస్ట్రీ, కస్టర్డ్‌లు, మూస్‌లు, చాక్లెట్ పని. క్రాసాంట్, డేనిష్ లాంటివి ఈ రెంటికీ మధ్యలో ఉంటాయి, బ్రెడ్‌లా ఈస్ట్ ఉంటుంది, పఫ్‌లా వెన్న పొరలు ఉంటాయి. ఫ్రాన్స్‌లో ప్రభుత్వం ఇచ్చే సీఏపీ అనే వృత్తి సర్టిఫికెట్ బ్రెడ్ చేసేవాళ్లకు వేరుగా, పేస్ట్రీ చేసేవాళ్లకు వేరుగా ఉంటుంది. జర్మనీలో కూడా ఇవి రెండు వేరే వృత్తులు, ఒక్కోదానికి శిక్షణ మామూలుగా మూడేళ్లు. వాళ్లు మూడేసి ఏళ్లు పెట్టే రెండు పనుల్ని మూడు నెలల కోర్సు కలిపి నేర్పుతానంటే, అందులో దేనికి ఎన్ని రోజులు ఇస్తారని అడగడంలో తప్పేమీ లేదు.

పని స్వభావం కూడా వేరే. బ్రెడ్‌లో ఉండేవి నాలుగే: పిండి, నీళ్లు, ఉప్పు, ఈస్ట్. ఈస్ట్ ప్రాణమున్నది కాబట్టి నిన్న రెండు గంటల్లో పొంగిన ముద్ద ఇవాళ గదిలో వేడి పెరిగితే గంటన్నరకే పొంగుతుంది, రెసిపీలో రెండు గంటలని రాసుందని అలాగే వదిలేస్తే పులుపెక్కి జారిపోతుంది. గడియారాన్ని పక్కనపెట్టి ముద్దను చూడటం నేర్చుకోవాలి. పేస్ట్రీలో ఎక్కువగా థర్మామీటరు మాట వినాలి. గుడ్డు సొనలు, పాలు కలిపి కాచే పల్చటి కస్టర్డ్ 82-84 డిగ్రీల దగ్గర చిక్కబడుతుంది, ఇంకాస్త దాటితే గుడ్డు విరిగి పలుకులు పలుకులుగా అయిపోతుంది. డార్క్ చాక్లెట్‌ను 45-50 డిగ్రీలకు కరిగించి, 28కి దించి, మళ్లీ 31-32కి తెస్తేనే ఆ మెరుపు, విరిచినప్పుడు టక్కుమనే గట్టిదనం వస్తాయి. ఓపిగ్గా కనిపెట్టుకుని ఉండే మనిషికి బ్రెడ్, లెక్కగా నీటుగా పని చేసేవాళ్లకు పేస్ట్రీ తొందరగా అబ్బుతాయని నా అభిప్రాయం. అయితే దేనిమీద ఇష్టం ఉందో దానితోనే మొదలుపెట్టండి, ఇష్టం ఉంటే మిగతాది వస్తుంది.

ఈ తేడా కోర్సు ఎంచుకోవడంలో నేరుగా పనికొస్తుంది. షూ పేస్ట్రీ తీసుకోండి: నీళ్లు, వెన్న కాచి పిండి వేసి కలియబెట్టి, గుడ్లు కలిపి, పైపింగ్ చేసి బేక్ చేయడానికి అంతా కలిపి రెండు గంటలు చాలు, ఒక్క రోజులో రెండుసార్లు చేసి మొదటిదానిలో జరిగిన తప్పు రెండోదానిలో దిద్దుకోవచ్చు. అదే సవర్‌డో, అంటే కొన్న ఈస్ట్ లేకుండా పులియబెట్టిన పిండితో చేసే బ్రెడ్ అయితే, ముందు రోజు స్టార్టర్‌కు (ఆ పులిసిన పిండికి) కొత్త పిండి పెట్టాలి, మర్నాడు కలపాలి, నాలుగైదు గంటలు పులియనివ్వాలి, చుట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టాలి, మూడో రోజు పొద్దున బేక్ చేయాలి. దీన్ని ఆరు గంటల వర్క్‌షాపులో ఎలా చూపిస్తారు? ప్రతి దశదీ ముందే సిద్ధం చేసి ఉంచుతారు. నేను వెళ్లిన మొదటి సవర్‌డో వర్క్‌షాపులో పొద్దున నేను కలిపిన పిండిని పక్కన పెట్టేశారు, మధ్యాహ్నం చుట్టడానికి ఇచ్చిన ముద్ద వాళ్ల సిబ్బంది ముందు రోజు కలిపింది. ఇంటికి తెచ్చుకున్న బ్రెడ్ చాలా బాగుంది. కానీ అసలు కష్టమంతా ఆ మధ్య గంటల్లో, పులియడం ఎప్పుడు చాలించాలో తెలుసుకోవడంలో ఉంది, దాన్ని నేను చూడనే లేదు. ఇంట్లో వరసగా నాలుగుసార్లు పాడయ్యాక గానీ ఈ సంగతి అర్థం కాలేదు. కాబట్టి ఒక్క రోజు క్లాసు అయితే టార్ట్, షూ, కుకీలు, కస్టర్డ్‌ల లాంటి పేస్ట్రీ తీసుకోండి, లేదంటే ఈస్ట్‌తో మూడు నాలుగు గంటల్లో అయిపోయే మామూలు బ్రెడ్. సవర్‌డోకి గానీ క్రాసాంట్‌కి గానీ కనీసం వరసగా రెండు మూడు రోజులు ఉండాలి, వారానికో క్లాసు చొప్పున సాగేదైతే మరీ మంచిది.

ఆన్‌లైన్ కోర్సులు

వీటిని తీసిపారేయకండి. థియరీ నేర్చుకోవడానికి ఇవే బాగుంటాయి, ఒకే చోట ఆపి పదిసార్లు చూడొచ్చు. లోఫ్ చుట్టేటప్పుడు చేతి అంచు ముద్ద కిందికి ఎలా వెళ్తోందో, పై పొర ఎలా బిగుసుకుంటోందో నాకు వీడియోలో ఆపి ఆపి చూస్తేనే అర్థమైంది, క్లాసులో టీచర్ చేసేసరికి రెండు సెకన్లలో అయిపోతుంది. బేకర్స్ పర్సంటేజ్ లెక్క కూడా కాగితం మీద నేర్చుకునేదే. పిండి ఎప్పుడూ 100 శాతం, మిగతావన్నీ దానితో పోల్చి చెప్తారు. నీళ్లు 68, ఉప్పు 2, ఇన్‌స్టంట్ ఈస్ట్ 1 అంటే అర కిలో పిండికి 340 గ్రాముల నీళ్లు, 10 గ్రాముల ఉప్పు, 5 గ్రాముల ఈస్ట్. ఇది వచ్చేస్తే ఏ రెసిపీ చూసినా ముద్ద గట్టిగా ఉంటుందా జారుగా ఉంటుందా చేయకముందే తెలుస్తుంది.

వీడియో ఇవ్వలేనిది స్పర్శ. నా మొదటి కోర్సులో "మెత్తగా సాగేదాకా పిసకండి" అని చెప్పారు, నేను పది నిమిషాలు పిసికాను, చూడటానికి మెత్తగానే ఉంది, బ్రెడ్ మాత్రం ఇటుకలా వచ్చింది. అలా నెలన్నర గడిచింది. తర్వాత ఒక క్లాసులో టీచర్ నా ముద్దలోంచి నిమ్మకాయంత ఉండ తీసి, నా వేళ్ల మధ్యే పెట్టి మెల్లగా సాగదీయించారు. కాస్త సాగగానే చిరిగింది. "చిరిగిన అంచు చూడండి, గరుగ్గా రంపపు పళ్లలా ఉంది కదా, ఇంకా కాలేదు" అన్నారు. ఇంకో ఐదు నిమిషాలు పిసికించి మళ్లీ తీయించారు. ఈసారి ఉల్లిపొర అంత పల్చగా సాగింది, అవతల కిటికీ వెలుతురు కనిపించింది, చివరికి చిరిగినప్పుడు కన్నం గుండ్రంగా, అంచు నున్నగా ఉంది. నెలన్నర నుంచి పట్టుబడని విషయం పది నిమిషాల్లో తేలిపోయింది.

అందుకే ఆన్‌లైన్‌లో చేరేవాళ్లు రికార్డెడ్ కన్నా లైవ్ క్లాసులు చూసుకోండి, అదీ ఫోటో పంపితే తప్పు చెప్పేవాళ్లున్నవి. బ్రెడ్‌ని అడ్డంగా కోసి లోపలి భాగం ఫోటో పంపితే తెలిసినవాళ్లు చాలా చెప్పగలరు: చుట్టూ గట్టిగా ఒత్తుకుపోయి అక్కడక్కడా సొరంగాల్లా పెద్ద కన్నాలుంటే పులియడం చాలలేదని, పైన చదునుగా పరుచుకుపోతే ఎక్కువైందని. ఆ జవాబు ఇచ్చేది టీచరా, ఎవరో అసిస్టెంటా, ఎన్ని నెలలు ఇస్తారు అన్నది డబ్బు కట్టకముందే అడగండి. జీవితకాలం వీడియోలు చూసుకోవచ్చు అనేదానికన్నా మూడు నెలలు ఫోటోలు చూసి చెప్తాం అనేది నా దృష్టిలో ఎక్కువ విలువైనది.

వీకెండ్ వర్క్‌షాపులు

ఇక్కడ అడగాల్సింది ముఖ్యంగా ఒకటే, డెమోనా, చేయిస్తారా? హ్యాండ్స్ఆన్ అని పేరు పెట్టి ఒక బల్ల దగ్గర ఐదుగురిని నిలబెట్టి, ఒకరు పిండి తూస్తే ఒకరు కలిపి ఇంకొకరు చుట్టే క్లాసులు చాలా ఉన్నాయి, ఇంటికి వెళ్లేసరికి ఎవరికీ ఏదీ మొదటి నుంచి చివరిదాకా రాదు. ప్రతి మనిషికీ సొంత ముద్ద ఉండాలి, త్రాసు మీద పిండి తూయడం దగ్గర్నుంచి ఓవెన్‌లోంచి తీసేదాకా. ఎంతమందికి ఎన్ని ఓవెన్లు అన్నది కూడా అడగండి. పదహారు మందికి ఒకే ఓవెన్ అయితే సగంమంది ముద్దలు వరసలో నిలబడే ఎక్కువ పులిసిపోతాయి, అప్పుడు బ్రెడ్ ఎందుకు పాడైందో మీకు తెలియదు.

ఓవెన్ గురించి ఇంకో మాట. చాలాచోట్ల పెద్ద బేకరీల్లో వాడే, ఆవిరి కొట్టే డెక్ ఓవెన్లు, పిండి కలిపే స్పైరల్ మిక్సర్లు ఉంటాయి. వాటిలో చేసిన బ్రెడ్ ఇంటి ఓవెన్‌లో అలా రాదు, ఎందుకంటే మొదటి పదిహేను ఇరవై నిమిషాలు ఆవిరి లేకపోతే పై పొర ముందే గట్టిపడి బ్రెడ్ లేవదు. ఇంట్లో దీనికి మార్గం ఉంది, మందపాటి ఇనుప గిన్నెను ఓవెన్‌లో బాగా వేడెక్కించి అందులో ముద్ద పెట్టి మూత వేస్తే దాని ఆవిరే దానికి సరిపోతుంది. ఇంటి కోసం నేర్చుకునేవాళ్లు ఇంటి ఓవెన్ మీద చూపించే టీచర్‌ని వెతుక్కోవాలి. పిండి కూడా అంతే. బ్రెడ్‌కి ప్రొటీన్ 12 శాతం పైన ఉన్న పిండి, కేకులకు 8-9 శాతం ఉన్నది వాడుతుంటారు, క్లాసులో వాడే పిండి మీకు బయట దొరుకుతుందా, దొరక్కపోతే నీళ్లు ఎంత తగ్గించాలి అన్నది చెప్పే టీచర్ మంచి టీచర్.

ప్రీమిక్స్‌లతో నేర్పే క్లాసులకు మాత్రం నేను గట్టిగా వద్దంటాను. సంచిలోంచి పొడి తీసి నీళ్లు, నూనె కలిపితే కేకు ఎవరికైనా వస్తుంది, ఆ సంచి లేని రోజు ఏమీ రాదు. చేరేముందు "పిండి, ఈస్ట్, వెన్న విడివిడిగా తూచి చేయిస్తారా, ప్రీమిక్సా?" అని సూటిగా అడగండి. రెసిపీలు గ్రాముల్లో కాకుండా కప్పుల్లో ఇస్తున్నా ఆలోచించుకోవాల్సిందే, ఒకే కప్పులో పిండి వదులుగా పోస్తే ఒక బరువు, నొక్కి పోస్తే ఇంకో బరువు వస్తుంది.

వారానికో క్లాసు, నెలల తరబడి

ఉద్యోగమో ఇంటి పనో చూసుకుంటూ నేర్చుకునేవాళ్లందరికీ నా మొదటి ఓటు దీనికే. ఆరు నుంచి పన్నెండు వారాలు, వారానికి మూడు నాలుగు గంటలు. క్లాసులో నేర్చుకున్నది మధ్యలో ఇంట్లో రెండుసార్లు చేసి, వచ్చిన బ్రెడ్‌ని మరుసటి వారం సంచిలో పట్టుకెళ్లి టీచర్ ముందు కోయొచ్చు. ఇంట్లో తప్పు చేయడం, దాన్ని చూపించి దిద్దుకోవడం, ఈ రెండూ కలిసి దొరికేది ఈ రకం కోర్సుల్లోనే. వీటికి పెద్ద పేరున్న సర్టిఫికెట్లు ఉండకపోవచ్చు. పనితనం మాత్రం వస్తుంది.

డిప్లొమా, ఫుల్‌టైమ్ కోర్సులు

వృత్తిగా చేసుకోవాలనుకునేవాళ్లకు ఇవి కావాలి. 1895లో ప్యారిస్‌లో మొదలైన ల కార్దోన్ బ్ల్యూ లాంటి పెద్ద స్కూళ్లలో పేస్ట్రీ డిప్లొమా బేసిక్, ఇంటర్మీడియట్, సుపీరియర్ అని మూడు మెట్లుగా ఉంటుంది, షెఫ్ ముందు చేసి చూపిస్తారు, తర్వాత విద్యార్థులు చేస్తారు. ఎంత పేరున్న స్కూలైనా మెట్ల మధ్యలో ఆగే వీలుందా, ఒక్క బేసిక్ చేసి చూసుకోవచ్చా అని కనుక్కోండి. మొత్తం ఫీజు ఒకేసారి కట్టేసి నెల తిరిగేసరికి ఇది నా పని కాదని తెలిస్తే చాలా బాధగా ఉంటుంది.

ఫుల్‌టైమ్‌లో నాకు దొరికింది రెసిపీలు కాదు, మళ్లీ మళ్లీ చేయడం. ప్రతి పొద్దునా మొదటి పని గది వేడి, పిండి వేడి కొలిచి పలక మీద రాయడం. ముద్ద కలిపాక 25 డిగ్రీలు ఉండాలంటే 25ని మూడుతో హెచ్చవేస్తే 75, అందులోంచి గది 30, పిండి 28, మిక్సర్ రాపిడి వల్ల పెరిగేది ఒక 10 తీసేస్తే 7, అంటే నీళ్లు 7 డిగ్రీలవి పోయాలి, ఐస్ వేయాల్సిందే. రోజూ ఇలా చేస్తే బ్రెడ్ రోజుకో రకంగా రావడం ఆగిపోతుంది. ఈ లెక్క సిలబస్‌లో ఉందంటే ఆ కోర్సు మీద నాకు సగం నమ్మకం వచ్చేస్తుంది.

క్రాసాంట్ కూడా అక్కడే వచ్చింది. మొదటి రోజు వెన్న పలకను పిండి మధ్యలో పెట్టి మడిచి అప్పడాల కర్రతో వత్తుతుంటే లోపల సన్నగా ఏదో విరుగుతున్నట్టు చేతికి తెలిసింది, పైనుంచి చూస్తే పల్చటి పిండి కింద వెన్న ఎండిన చెరువు నేలలా బీటలు వేసి కనిపించింది. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా వాడాను, మరీ చల్లగా ఉంది. వెన్నకీ పిండికీ ఒకే మెత్తదనం ఉండాలి. పలకను బల్ల అంచు మీద వేలాడదీస్తే విరక్కుండా వంగాలి, వేలికి జిడ్డు మాత్రం అంటకూడదు, అది దాదాపు 13-15 డిగ్రీల మధ్య. మూడు మడతలు చొప్పున మూడుసార్లు వేస్తే 27 వెన్న పొరలు, ఒకసారి వెన్న పగిలిందంటే ఆ పొరలన్నీ పోయినట్టే, ఓవెన్‌లో వెన్న కారిపోయి అడుగు వేగినట్టవుతుంది. ఆ మూడు నెలల్లో ఈ పని ఇరవైసార్లకు పైగా చేశాను. పన్నెండోసారో పదమూడోసారో గానీ కర్ర కింద వెన్న ఎలా ఉందో చూడకుండానే చేతికి తెలియడం మొదలవలేదు. క్రాసాంట్ సిలబస్‌లో ఉందా అని కాదు, ఎన్ని రోజులుంది అని అడగమనేది ఇందుకే.

సర్టిఫికెట్ విషయానికొస్తే, ఇంటి కోసమైతే అక్కర్లేదు. ఉద్యోగానికైతే మొదటి తలుపు తెరవడానికి పనికొస్తుంది, ఆ తర్వాత బేకరీవాళ్లు ఒకటి రెండు రోజులు పని చేయించి చూసే తీసుకుంటారు. దేశాన్ని బట్టి చట్టం కూడా ఉంటుంది, జర్మనీలో సొంతంగా బేకరీ పెట్టాలంటే సాధారణంగా మైస్టర్ అనే పై స్థాయి వృత్తి అర్హత ఉండాలి. మీరు పని చేయాలనుకునే చోట ఏ కాగితానికి విలువుందో కోర్సు అమ్మేవాళ్లని కాకుండా అక్కడి బేకరీలని అడగండి.

చదువు బదులు నేరుగా బేకరీలో పనికి చేరడం కూడా ఒక దారే. రోజుకి రెండు వందల బన్నులు చుట్టే చోట నెల రోజులుంటే వచ్చే చేతివేగం ఏ కోర్సులోనూ రాదు, పైగా తెల్లవారకముందు లేచి ఎనిమిది గంటలు నిలబడే జీవితం మీకు సరిపడుతుందో లేదో తెలిసిపోతుంది. లోటేమిటంటే మిమ్మల్ని ఒకే పని దగ్గర ఉంచేయొచ్చు, ఎందుకు అని అడిగితే చెప్పే తీరిక ఎవరికీ ఉండదు. డిప్లొమాకి పెద్ద మొత్తం కట్టబోయేవాళ్లు దానికి ముందు రెండు వారాలైనా ఇలా చేసి చూడాలని నేను గట్టిగా చెప్తాను.

మరి మీరు ఏది తీసుకోవాలి

ఇప్పటిదాకా ఒక్క బ్రెడ్ కూడా చేయనివాళ్లు వెంటనే దేనికీ డబ్బు కట్టకండి. ఒక డిజిటల్ త్రాసు, లోపలికి గుచ్చి వేడి చూసే ఒక ప్రోబ్ థర్మామీటరు కొనుక్కుని ఒకే మామూలు లోఫ్‌ని నెల రోజులు వారానికి రెండుసార్లు చేయండి, ప్రతిసారీ గది వేడి, పొంగడానికి పట్టిన టైమ్, దించేటప్పుడు లోపలి వేడి రాసుకోండి, అది 93-96 డిగ్రీలకు వస్తే ఉడికినట్టు. ఆ నోట్‌బుక్ పట్టుకుని క్లాసుకు వెళ్తే మీరు అడిగే ప్రశ్నలే వేరుగా ఉంటాయి. ఇంట్లోవాళ్ల కోసం బాగా చేయాలనుకుంటే వారానికో క్లాసు, దగ్గర్లో లేకపోతే ఫోటోలు చూసి చెప్పే లైవ్ ఆన్‌లైన్. ఇప్పటికే చేస్తూ ఏదో ఒకదాని దగ్గర ఆగిపోయినవాళ్లకు, అంటే క్రాసాంట్ పొరలు రావడం లేదనో చాక్లెట్ మెరవడం లేదనో అనుకునేవాళ్లకు, అదొక్కటే నేర్పే రెండు మూడు రోజుల వర్క్‌షాప్. ఇంటి నుంచి అమ్మాలనుకునేవాళ్లు రకాలు పెంచుకోకుండా మూడు నాలుగింటి మీద అలాంటి వర్క్‌షాపులే తీసుకుని, ఖర్చు లెక్కగట్టడం, నిల్వ, ప్యాకింగ్ కూడా నేర్పుతారేమో చూసుకోండి. ఉద్యోగం కావాలంటే ముందు బేకరీలో కొన్నాళ్లు, తర్వాతే డిప్లొమా.

ఫీజులు పోల్చేటప్పుడు మొత్తం అంకె చూడకండి. డెమో గంటలు తీసేసి మీ చేత్తో మీరు చేసే గంటలు ఎన్నో తేల్చి దానితో భాగించండి, సరుకులు, పనిముట్లు, యూనిఫాం అందులో కలిశాయో లేదో చూసుకోండి, ఇంట్లో ప్రాక్టీసుకి అయ్యే వెన్న ఖర్చు కూడా కలపండి, పేస్ట్రీకి అది తక్కువేమీ కాదు. ఇలా చేసినప్పుడు చవగ్గా కనిపించిన వీకెండ్ క్లాసు ఖరీదైనదిగా, భయపెట్టిన మూడు నెలల కోర్సు చవగ్గా తేలడం నేను చూశాను.

ఇంకా ఎటూ తేలకపోతే చేరేముందు ఒక క్లాసు నడుస్తుండగా చూడనివ్వమని అడగండి, మంచివాళ్లు చాలావరకు ఒప్పుకుంటారు. వెనక పక్కగా నిలబడి ఒక అరగంట టీచర్ని వదిలేసి విద్యార్థులను చూడండి, పిండి ఎవరి చేతులకు అంటుకుని ఉందో, పాడైన ముద్దను పారేయించి ఇంకొకటి ఇస్తున్నారా, లేక అక్కడే ఆగి ఎందుకలా అయిందో చూపిస్తున్నారా అన్నది.